నరసింగరావు బండి, కూర్మయ్య చెవి

"బావా, గుండె కొట్టుకుంటన్నాది. నువ్వొకపాలి రావాల."

ఫోన్లో నరసింగరావు అన్న మాట కూర్మయ్య చెవిన పడింది ఇలాగ. కొట్టుకోవడమే కదా గుండె ఉద్యోగం, అది మానేసిన రోజునే కదా మనకు శాశ్వత సెలవు అని ఒక చమత్కారం నాలుక చివరిదాకా వచ్చింది గానీ, అవతలి గొంతులో కంగారు విని మింగేశాడు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. నెల్లాళ్లుగా అన్నాడు నరసింగరావు. తిన్నగా ఉన్నంతసేపూ ఏమీ లేదట. ఎడమకు తిరిగినా కుడికి తిరిగినా ఎవరో వెనక్కి పట్టి లాగినట్టయి, లోపల టంగుమంటోందట. ఇసకలో మాత్రం హాయిగా ఉంటోందట.

కూర్మయ్య ఈ లక్షణాలన్నిటినీ మంచం మీద పరిచి చూసుకున్నాడు. వెల్లకిలా పడుకుంటే బాగుంది, పక్కకు తిరిగితే లేదు, ఇసకలో పడుకుంటే హాయి. అంతా సరిపోయింది. టంగుమనే గుండెను మాత్రం అతను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"టెక్కలిలో సూపించినాను బావా. మొత్తం విప్పి లోపలిది మార్చాల అన్నారు. రేపు తెమ్మన్నారు. విప్పించే ముందు నువ్వొచ్చి సెవి పెట్టి సూడు. నీ సెవి మీదే నా నమ్మకం."

విప్పి మార్చడమంటే గుండె ఆపరేషనే. అంత పెద్ద డాక్టర్లను కాదని బావ తన చెవిని నమ్ముతున్నాడు. కూర్మయ్య కళ్లు చెమర్చాయి. ఫోను పెట్టేసి, గ్రీజు చేతులు కడుక్కుని, షెడ్డు తలుపు దగ్గరకు లాగి బయల్దేరాడు.

ఇక్కడ కూర్మయ్య చెవి గురించి కొంత చెప్పాలి. కోటబొమ్మాళిలో రైలు గేటుకు ఇవతల ఉన్న రేకుల షెడ్డు అతనిది. దానికి బోర్డు లేదు. చెవి మేస్త్రీ షెడ్డు ఎక్కడంటే బళ్లో చదివే పిల్లలు కూడా చూపిస్తారు. బండి వస్తే అందరు మేస్త్రీల్లాగా ముందు విప్పడు, వింటాడు. కళ్లు మూసుకుని, మెడ వంచి, ఇది ఇంజను దగ్గు, ఇది ఇరుసు గురక, ఇది యజమాని గొణుగుడు అని వేరుచేసి చెబుతాడు. ముప్ఫై ఏళ్ల పేరు అది. కానీ ఆ ముప్ఫై ఏళ్ల డీజిలు మోత ఊరికే పోలేదు. పోతూ పోతూ రెండేళ్ల కిందట అతని కుడిచెవిని కూడా వెంట పట్టుకుపోయింది. ఇష్టంలేని మాట పెడచెవిన పెట్టడం లోకంలో అందరికీ అలవాటే. కూర్మయ్యకు మాత్రం పెడచెవి ఒకటి నిజంగానే ఉంది, కుడివైపున. గట్టిగా అరిచిన మాటలే, అవీ అరకొరగానే దానికి అందుతాయి.

చెవి ఒకటున్నా చప్పుడు వినబడుతుంది. ఎక్కడినుంచి వస్తోందో మాత్రం తెలియదు. ముందు చక్రం మూలిగితే వెనక చక్రం వైపు పరిగెత్తేవాడు. ఆ పరుగుని "నాలుగు పక్కలా సూడాలి గదా" అని సర్దుకునేవాడు. సంగతి అతని భార్యకు ఒక్కర్తెకే తెలుసు. నలుగురికీ తెలిసిందా, చెవి మేస్త్రీకి చెవి లేదట అని ఒక్కరు నవ్వారా, షెడ్డుకు వచ్చే బండ్లు గేటు అవతలే ఆగిపోతాయి. అందుకని ఫోను ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకునేవాడు. ఇవాళ ఎడమ చెయ్యి మోచేతిదాకా గేరుపెట్టెలో ఉంది.

రోగిని చూడటానికి ఉత్త చేతులతో వెళ్లకూడదు కదా. సంతబజారులో డజను బత్తాయిలు, రెండు కొబ్బరిబొండాలు, ఒక బార్లీ డబ్బా కొన్నాడు. పానాలు పట్టుకోవలసిన చేతులు పానీయాలు పట్టుకుని షేరింగు ఆటో ఎక్కాయి. పక్కన కూర్చున్న ఇద్దరు చేపల గంపల ఆడవాళ్లు ఎవరికేమైందని అడిగితే, దిబ్బలపేట నరసింగరావుకి గుండె అని చెప్పాడు. ఒక ముక్కే చెప్పాడు. కానీ గంపల వాళ్లకు సెల్ ఫోన్లు వచ్చి చాలా కాలమైంది. ఆటో కంటే కబురు ముందు వెళ్లింది.

దిబ్బలపేట సముద్రం ఒడ్డు ఊరు. కూర్మయ్య దిగేసరికి నరసింగరావు ఇంటి ముందు పాతికమంది ఉన్నారు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ల మధ్య నరసింగరావు తల్లి బుల్లమ్మ నడుం మీద చేతులు వేసుకుని, ఏటైందర్రా మీకు, నా కొడుక్కేటి, లోపల సందువాయి చేపల పులుసుతో రెండోపాలి అన్నం కలుపుతున్నాడు అని కేకలు పెడుతోంది. డెబ్బై దాటిన మనిషి. ఆమె గొంతు అలల మీంచి పడవదాకా వెళ్లే రకం. కూర్మయ్యకు పెడచెవితో కూడా వినబడుతుంది.

నరసింగరావు చెయ్యి కడుక్కుని బయటకు వచ్చాడు. రాయిలాగా ఉన్నాడు. బత్తాయిలు చూసి, ఏటి బావా ఇవి అని నవ్వి, కూర్మయ్య భుజం పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి, పాకలో ఉన్న జీపు బోనెట్టు మీద చరిచాడు.

"ఇదే బావా. పొద్దున్న ఫోన్లో సెప్పినాను కదా, బండి కొట్టుకుంటన్నాదని."

బండి. కూర్మయ్యకు కాళ్ల కింద ఇసక జారింది. బండిని గుండె చేసుకున్నది తన చెవి. ఊరంతటినీ వాకిట్లో నిలబెట్టినది తన నోరు. ఇప్పుడు నిజం చెబితే చెవి సంగతి చెప్పాలి. అతను చేతిలోని సంచీ వైపు చూసుకుని, బండికి పూజ చేసి మొదలెడదామని పళ్లు తెచ్చాను అన్నాడు. మరి బార్లీ ఎందుకని నరసింగరావు అడగలేదు, అదొక అదృష్టం.

ఆ జీపు పాతది. నాలుగు చక్రాలూ లాగే రకం. గజపతినగరంలో ఒక కాంట్రాక్టరు కొండల్లో పదిహేనేళ్లు తిప్పి వదిలేస్తే నరసింగరావు కొన్నాడు. ఐసు పెట్టెల్ని ఒడ్డుదాకా తేవాలన్నా, పడవల్ని ఇసక మీదకు లాగాలన్నా ఊళ్లో అదొక్కటే దిక్కు. హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మరుసటి సంవత్సరం జూలై అది. వేట నిషేధం పోయి, చేపలు దండిగా పడుతున్న రోజులు. రేపు టెక్కలి తీసుకెళ్లి గేరుపెట్టె విప్పితే నెల్లాళ్లు అక్కడే ఉంటుంది.

కూర్మయ్య వెంట ఒక్క పానా లేదు. బండిలో ఉన్న పానా చక్రాల బోల్టులకే పనికొస్తుంది. సరే, చేతులున్నాయి కదా అని కిందికి దూరాడు. గేరుపెట్టె నుంచి ఇరుసులకు వెళ్లే షాఫ్టుల్ని రెండు చేతులా పట్టుకుని మెలితిప్పాడు. ముందుది కదల్లేదు, వెనకది కదల్లేదు. వాటి కీళ్లలో నూలుపోగంత సందు లేదు. ఇంజను కింద రబ్బరు దిమ్మలు గట్టిగానే ఉన్నాయి. కమానుపట్టీల బుష్షులు బాగానే ఉన్నాయి. టంగుమనే వస్తువు ఏదైనా సరే, చేత్తో ఆడిస్తే కొంచెం టింగైనా అనాలి. ఏదీ అనలేదు.

బండి కదిలించి చూద్దామన్నాడు. డ్రైవరు దాలయ్య ఎక్కాడు. కొబ్బరిచెట్టంత మనిషి. సీటు చివరిదాకా వెనక్కి తోసుకుని గానీ కాళ్లు పెట్టుకోలేడు. చేపలు ఎండబెట్టే సిమెంటు కళ్లం ఊరి పక్కనే ఉంది. దాని మీద గుండ్రంగా తిప్పమన్నాడు కూర్మయ్య. మధ్యలో నిలబడ్డాడు. బండి మూడో చుట్టుకు చిన్నగా మొండికేసి, ఒళ్లు విరుచుకుని, టంగుమంది. చప్పుడు వినబడింది. ముందు నుంచా, వెనక నుంచా, మధ్యలోంచా? ఎడమ చెవి ఒక్కటీ ఏం సాక్ష్యం చెబుతుంది. గుండె చూడటానికి వచ్చిన పాతికమందీ ఇప్పుడు కళ్లం చుట్టూ చేరి అతని చెవినే చూస్తున్నారు.

ఇలాంటి ఆపదకు కూర్మయ్య దగ్గర ఒక ఉపాయం ఉంది. షెడ్డు తలుపు మూసుకుని రెండేళ్లుగా చేస్తున్నదే. కర్ర ఒక కొసను ఇనుముకు ఆనించి, రెండో కొస పళ్లతో పట్టుకుంటే చప్పుడు దవడలోంచి నేరుగా తలకెక్కుతుంది. ఎక్కడ కర్ర ఆనిస్తే ఎక్కువ మోగుతుందో అక్కడ జబ్బు. బహిరంగంగా ఎన్నడూ చెయ్యలేదు. ఇప్పుడు తప్పదు. ఒక చెక్క తెడ్డు తెమ్మన్నాడు. ఒకడు పరిగెత్తి పడవ తెడ్డు తెచ్చాడు. ఇది కాదు, అన్నం కలిపే తెడ్డు అన్నాడు. బుల్లమ్మ అనుమానంగా చూస్తూనే వంటింటి తెడ్డు తెచ్చి ఇచ్చింది.

బండి వెనక భాగంలో గొంతుక్కూర్చుని, తెడ్డు పళ్ల మధ్య బిగించి, రెండో కొసను వెనక ఇరుసు పైన నేల రేకుకు ఆనించాడు. దాలయ్య తిప్పాడు. టంగు. మధ్యలో గేరుపెట్టె పైన ఆనించాడు. టంగు. ముందుకు పాకి ముందు ఇరుసు వైపు ఆనించాడు. మళ్లీ అంతే టంగు. మూడుచోట్లా ఒకే కొలత. బయటివాళ్లకు అతను బండిలో కూర్చుని గాలిలో పడవ నడుపుతున్నట్టు కనబడ్డాడు.

కూర్మయ్య తెడ్డు దించి ఆలోచించాడు. ఒకటి చెడిపోతే ఒకచోట మోగుతుంది. అన్నీ సమానంగా మోగుతున్నాయంటే చెడింది ఏదీ లేదు, అన్నీ కలిసి కొట్లాడుకుంటున్నాయి. దిగి కళ్లం వైపు చూశాడు. సిమెంటు మీద చక్రాలు తిరిగినచోట నల్లగా రబ్బరు రాసుకుపోయిన చారలు. బండిని ఇసకలోకి తిప్పమన్నాడు. ఎంత తిప్పినా కిక్కురుమనలేదు. మళ్లీ సిమెంటు మీదకు రమ్మన్నాడు. టంగు.

అప్పుడు డ్రైవరు పక్కకు వెళ్లి, పెద్ద గేరుకడ్డీ పక్కన దాలయ్య తువ్వాలు కప్పిన చిన్న దిమ్మలాంటిది చూసి, తువ్వాలు ఎత్తాడు. నాలుగు చక్రాలకూ లాగుడు కలిపే చిన్న గేరుకడ్డీ అది. వెనక్కి లాగి ఉంది. దాని మెడకు పసుపు తాడు, ఎండిన వేపాకు, కుంకుమ బొట్టు. తాడు రెండో కొస సీటు కాలికి బిగించి కట్టి ఉంది.

ఇదేటి అన్నాడు కూర్మయ్య. ఏదో పాపం చేసినట్టు దాలయ్య బుల్లమ్మ వైపు చూశాడు.

బుల్లమ్మ దాచలేదు. జూనులో వేట మొదలైన రోజున గంగమ్మకు పూజ చేసి, ఎప్పటిలాగే పడవ చుక్కానికి రక్షతాడు కట్టారు. ఆ రోజే ఈ జీపు రెండు పడవల్ని ఇసక మీద లాగింది. కష్టపడిన దానికి కట్టకపోతే తప్పు కదా అని దీనికీ కట్టింది. చుక్కాని ఏదని దాలయ్యను అడిగితే రెండు కడ్డీలు చూపించాడు. పెద్దదాన్ని దాలయ్య ఎప్పుడూ కదుపుతూనే ఉంటాడు, దానికి తోడుంది. చిన్నది ఓ మూల ఒంటరిగా ఉంది. చిన్నదానికే కదా దిష్టి తగులుతుంది. అందుకని దానికి కట్టింది. కట్టిన ముడి మనిషి విప్పకూడదు, తనంతట తాను పుచ్చి రాలాలి. ఊరి ఆచారం. అప్పటినుంచి ఆ కడ్డీ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

కూర్మయ్య తాడును వేళ్లతో నలిపి చూశాడు. నూలు కాదు. వలలు అల్లే నైలాను తాడుకు పసుపు పూసింది. చేతికి అందింది అదే మరి.

"అత్తా, ఇది రాలేలోపు మనమందరం రాలిపోతాం."

బుల్లమ్మ నవ్వలేదు. ముడి విప్పబోతే చెయ్యి విరుగుతుంది అంది. కూర్మయ్య బతిమాలలేదు, ఆమె భాషలోనే అడిగాడు.

"పెద్దవల లాగినప్పుడు ఒక తాడోళ్లు జోరుగా, రెండో తాడోళ్లు మెల్లగా లాగితే ఏటవుతాది?"

"వల మెలితిరుగుతాది. ఆ మాత్రం గుంట పిల్లలైనా సెప్తారు."

అదే ఇది అన్నాడు కూర్మయ్య. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరగాలి, వెనకవి చిన్న చుట్టు. ఈ కడ్డీ వెనక్కి లాగి ఉన్నంతసేపూ ముందూ వెనకా ఒకే తాటి మీద ఉంటాయి. ఇసకలో చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. తారు మీద, సిమెంటు మీద జారలేదు. లోపల మెలి బిగిసి బిగిసి ఒక్కసారి వదిలినప్పుడు టంగుమంటుంది. పడవ లాగడానికి ఈ కడ్డీ వెయ్యాలి, పని అయ్యాక తియ్యాలి. నెల్లాళ్లుగా తియ్యలేదు. ఇంకో నెల్లాళ్లు పోతే టెక్కలి వాళ్లు చెప్పినట్టు నిజంగానే లోపలిది మార్చాలి.

బుల్లమ్మకు వల సంగతి నచ్చింది, ముడి సంగతి నచ్చలేదు. ఇంతమందిలో ఆచారం తప్పలేనంది.

కూర్మయ్య సీటు వైపు చూశాడు. దాని కింద ఉన్న చిన్న మీట లాగి, సీటును ముందుకు తోశాడు. సీటు నాలుగు వేళ్ల మేర ముందుకు జరిగింది. దాంతోపాటు దాని కాలికి కట్టిన తాడు వదులై ఊగింది. ముడి ముడిగానే ఉంది. బుల్లమ్మ వంగి ముడిని, వేపాకును, బొట్టును చూసింది. ఏదీ చెదరలేదు.

"ఇప్పింది లేదు, తెంపింది లేదు. జరిగింది సీటే గదా అత్తా."

ఆమె నడుం నిటారు చేసి, సీటు గురించి గంగమ్మ ఏమీ చెప్పలేదు అంది.

కడ్డీని ముందుకు నెట్టబోతే రాలేదు. లోపలి మెలి ఇంకా వదల్లేదు. దాలయ్యను ఎక్కించి, నాలుగు గజాలు తిన్నగా వెనక్కి పొమ్మన్నాడు. దాలయ్య మోకాళ్లు గెడ్డానికి ఆనుతుండగా స్టీరింగు పట్టుకుని వెనక్కి వెళ్లాడు. లోపల ఏదో నిట్టూర్చినట్టయింది. కూర్మయ్య రెండు వేళ్లతో కడ్డీ తోశాడు. వెన్నలో దిగినట్టు ముందుకు వెళ్లింది. సిమెంటు మీద ఎడమకు పది చుట్లు, కుడికి పది చుట్లు. ఎండుచేపల మీద ఈగల రొద తప్ప ఇంకేమీ వినబడలేదు.

జనం మురిసిపోయారు. సెవంటే సెవి, టెక్కలి మిషన్లకు దొరకనిది పట్టినాడు అని ఒకరు, శ్రీముఖలింగం స్వామి దయ అని ఒకరు. నరసింగరావు కౌగిలించుకున్నాడు. కూర్మయ్య పేరు బతికిపోయింది. ఇక ఆటో ఎక్కి వెళ్లిపోతే సరిపోయేది.

కానీ నరసింగరావుకు అప్పుడే గుర్తొచ్చింది, తనకు గుండెజబ్బని ఊరంతా చెప్పిన వెధవ ఎవడని. కబురు వచ్చింది కోటబొమ్మాళి వైపునుంచి, పొద్దున్న ఐసు కోసం అటు వెళ్లింది దాలయ్య ఒక్కడే. ఇంకా స్టీరింగు వెనకే ఇరుక్కుని ఉన్న దాలయ్య తానెవరికీ ఏమీ చెప్పలేదన్నాడు. నరసింగరావు నమ్మలేదు. నోరు పట్టనివాడు స్టీరింగు ఏం పడతాడు, రేపటినుంచి బండి దిగమన్నాడు. బుల్లమ్మ ఇంకో అడుగు వేసింది.

"అబద్దం కాపోతే ముడి మీద సెయ్యేసి సెప్పరా దాలయ్యా."

ఆ ముడి మీద చెయ్యివేసి తప్పు చెబితే సముద్రం ఊరుకోదని అందరూ నమ్ముతారు. నిజం చెప్పేవాడు కూడా దాని మీద చెయ్యి వెయ్యడానికి జంకుతాడు. దాలయ్య చెయ్యి సగం దూరం చాచి ఆపేశాడు. కొబ్బరిచెట్టంత మనిషి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కూర్మయ్య తన చెయ్యి ముందుకు చాపి, దాలయ్య చెయ్యి పక్కకు తోసి, ముడి మీద పెట్టాడు. చాచాక గానీ అతనికి తెలియలేదు తాను చాచినట్టు.

"ఆడు కాదు అత్తా. నేను."

పాతికమందీ దగ్గరకు జరిగారు. అతను వాళ్లందరికీ వినబడేలాగే చెప్పాడు. కుడిచెవి రెండేళ్ల కిందటే పోయిందన్నాడు. ఇవాళ ఎడమచెయ్యి ఖాళీ లేక పోయిన చెవికే ఫోను పెట్టానన్నాడు. బండి కొట్టుకుంటన్నాది అంటే గుండె అని విన్నానన్నాడు. తిరిగితే టంగుమంటోందంటే మంచం మీద తిరగడం అనుకున్నాను, విప్పాలన్నారంటే ఛాతీ అనుకున్నాను. అందుకే పానాలు తేకుండా బత్తాయిలు తెచ్చాను, బార్లీ కూడా అందుకే. ఆటోలో ఇద్దరికి చెప్పింది నేనే, మిగతాది ఫోన్లు చేశాయి. తెడ్డు కొరికిందీ చెవి లేకే. ఇంక నన్ను చెవి మేస్త్రీ అనకండి అన్నాడు.

ముందు బుల్లమ్మకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వు మొదలెడితే ఆగేది కాదు. కళ్లం చుట్టూ అది అంటుకుంది. దాలయ్య కూడా నవ్వాడు, మోకాలు గెడ్డానికి తగిలి ఆపేశాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్లు దాన్ని తీసి, రోగి బాగానే ఉన్నాడు గనక తెచ్చినవి మాకియ్యి అని బత్తాయిలు పంచుకున్నారు.

"పళ్లు తెచ్చినాడు, పళ్లతోనే పట్టినాడు. సెవిదేటుంది," అంది బుల్లమ్మ తొనలు ఒలుస్తూ. "రేపు మా సిన్నోడి బండి కూడా పంపుతాను. తెడ్డు నాదే వాడు, కడిగి ఉంచుతాను."

నరసింగరావు కూర్మయ్య చుట్టూ తిరిగి ఎడమచెవి వైపుకు వచ్చి నిలబడ్డాడు. బార్లీ డబ్బా తిప్పి తిప్పి చూసి, ఇంకా అర్థంకాక వెనక నిలబడ్డ వాళ్లకోసం మొదటినుంచి మళ్లీ చెప్పమన్నాడు.

"బండి అన్నాను బావా. గుండె కాదు. బండి."

"ఇప్పుడు ఇనిపించింది," అని కూర్మయ్య మొదటినుంచి మళ్లీ చెప్పాడు.